పెద్దల ఆస్తి – పెద్దల సంరక్షణ: రోగుల బంధువులు తెలుసుకోవలసిన విషయాలు

(ఆసుపత్రి ఆవరణలో రోగుల బంధువుల కోసం ఏర్పాటు చేసిన ఆరోగ్య అవగాహన సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామందికి రాత్రి నిద్ర లేదని మీ ముఖాలు చూస్తేనే తెలుస్తున్నది. గద్వాల వైపు నుంచి, వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట వైపు నుంచి ఇంటి పనులు, పొలం పనులు వదులుకొని వచ్చారు. ఈ సమావేశాలలో షుగర్ గురించి, బీపీ గురించి, టీబీ గురించి డాక్టర్లు చెబుతుంటారు. మధ్యలో ఈ లాయరు ఎందుకు వచ్చాడని మీకు అనుమానం రావచ్చు. ఎందుకు వచ్చానో ముందు చెబుతాను.

చాలా ఏళ్ళ క్రితం మరో ఊరిలో, మరో ఆసుపత్రిలో మా మేనమామకు ఆపరేషన్ అయితే తోడుగా ఉన్నాను. పక్క మంచంలో పక్షవాతంతో వచ్చిన ఒక తాత ఉండేవాడు. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి, మాట లేదు. కళ్ళు తెరిచేవాడు గాని, మనిషిని గుర్తుపట్టేవాడు కాదు. మూడో రోజు రాత్రి పది దాటిన తరువాత ఆయన పెద్దకొడుకు మరొక మనిషిని వెంటబెట్టుకొని వచ్చాడు. చేతిలో రెండు కాగితాలు, ఒక స్టాంపు ప్యాడు. తాత ఎడమచేతి బొటనవేలు పట్టుకొని ప్యాడుకు అద్ది, కాగితాల మీద ఒత్తారు. మంచం పక్కన కింద కూర్చున్న అవ్వ "ఆయనకు తెలివి లేదు కదా నాయనా" అన్నది. "నీకు తెలవదు, ఊకో" అన్నాడు కొడుకు. తరువాత తడి గుడ్డతో ఆ వేలు శుభ్రంగా తుడిచారు.

నేను చూస్తూనే ఉన్నాను. అప్పటికే నల్లకోటు వేసుకొని పదేళ్ళయింది. అయినా నోరు మెదపలేదు. వాళ్ళ ఇంటి సంగతి మనకెందుకులే అనుకొని గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ఎనిమిది నెలలకు ఆ తాత చనిపోయాడు. దినాలు కాగానే పెద్దకొడుకు వీలునామా బయటికి తీశాడు. ఆరెకరాలు, ఇల్లు అంతా తనకే. అవ్వకు లేదు, ఇద్దరు ఆడబిడ్డలకు లేదు. ఎవరు చెప్పారో ఏమో, ఆ అవ్వ వెతుక్కుంటూ నా ఆఫీసు మెట్లెక్కింది. కళ్ళారా చూసినవాణ్ణి కాబట్టి నేను సాక్షిగా నిలబడవలసి వచ్చింది. సాక్షిగా ఉన్నవాడు అదే కేసు వాదించరాదు. అందుకని కేసును ఒక మిత్రుడికి అప్పగించి, నేను బోను ఎక్కాను. ఆ వీలునామా చెల్లదని కోర్టు తీర్పు ఇచ్చింది. అందుకు ఆరేళ్ళు పట్టింది. తీర్పు వచ్చేనాటికి అవ్వ లేదు. చివరి రెండేళ్ళు చిన్న బిడ్డ ఇంట్లో, అల్లుడి పంచన గడిపింది.

ఆ రాత్రి నేను లేచి సిస్టరును పిలిచి ఉంటే ఆ ఆరేళ్ళు ఉండేవి కావు. ఇప్పుడు ఆసుపత్రులకు ఎవరు పిలిచినా నేను పోవడానికి కారణం అదే.

ఏది వేధింపు?

వేధింపు అనగానే మనకు కొట్టడం, తిట్టడం గుర్తుకు వస్తుంది. కాని ఇళ్ళలో జరిగేది చాలావరకు చప్పుడు లేకుండా జరుగుతుంది. మంచం పట్టిన మనిషిని పక్కకు తిప్పకపోతే నడుము దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడతాయి. మాటిమాటికి మూత్రానికి లేపవలసి వస్తుందని నీళ్ళు తాగనివ్వరు. "ముసలాయనకు ఇంకెందుకు" అని బీపీ మాత్రలు ఆపేస్తారు. రాత్రి పూట కేకలు వేయకుండా నిద్ర మాత్ర ఒకటికి రెండు ఇస్తారు. ఆసరా పింఛను తీసుకొని చేతికి ఇవ్వరు. చెవి కమ్మలు, కాళ్ళ కడియాలు "భద్రంగా దాస్తాం" అని తీసుకుంటారు. కొడుకుతో ఫోన్లో మాట్లాడనివ్వరు, లేదా ఆడబిడ్డ వస్తే గదిలోకి పోనివ్వరు. ఇవన్నీ వేధింపులే. 60 ఏళ్ళు దాటినవారిలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఏడాది కాలంలో ఏదో ఒక రకం వేధింపునకు గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వారిలో చాలామంది బయటికి చెప్పరు. చెబితే ఆ పూట అన్నం కూడా పోతుందని భయం, దానికి తోడు కన్నబిడ్డల పరువు పోతుందని బాధ.

మన పాలమూరు పల్లెల్లో ఇంకొక పద్ధతి ఉన్నది, వంతులు. ఇద్దరు కొడుకులుంటే అమ్మ ఒకరికి, నాయన ఒకరికి. నలభై ఏళ్ళు కలిసి బతికిన ఆలుమగలను ముసలితనంలో రెండు ఇళ్ళకు పంచుతారు. లేదంటే నెలకొక ఇల్లు. నెలకు 31 రోజులు వస్తే ఆ ఒక్క రోజు అన్నం ఎవరు పెట్టాలన్న దానిపై పంచాయితీ జరిగిన ఊర్లు నాకు తెలుసు. ఇందులో కొడుకులందరూ చెడ్డవారని నేను అనను. హైదరాబాదులోనో, బొంబాయిలోనో, పూణేలోనో బిల్డింగు పని చేసుకొని బతికేవాడు ఊర్లో తల్లిని ఎట్లా చూస్తాడు? కాని ఒక సంగతి గమనించాను. జూరాల, నెట్టెంపాడు, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళు పారిన చోట, 44వ నంబరు జాతీయ రహదారి పక్కన, భూముల ధర పెరిగిన కొద్దీ ముసలివారి బొటనవేలికి కూడా ధర పెరిగింది.

ఆస్తి ఎవరికి వస్తుంది?

"తలకొరివి పెట్టేవాడిదే పొలం" అంటారు. "చూసుకున్నవారికే ఇల్లు" అంటారు. "పెళ్ళి చేసి కట్నం ఇచ్చి పంపినాం, ఇంక ఆడబిడ్డకేమి హక్కు" అంటారు. ఈ మూడు మాటలూ చట్టంలో లేవు.

హిందువులకు 1956 వారసత్వ చట్టం వర్తిస్తుంది. వీలునామా రాయకుండా తండ్రి చనిపోతే ఆయన సొంత ఆస్తిలో ఆయన తల్లి బతికి ఉంటే తల్లికి, భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు తలా ఒక సమాన వాటా వస్తుంది. పెళ్ళయిన బిడ్డకైనా అంతే. ఇక తాతల నాటి ఉమ్మడి ఆస్తి సంగతి. ఈ విషయంలో దేశానికి దారి చూపింది మన తెలుగువారే. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేటట్లు అప్పటి ఆంధ్రప్రదేశ్ చట్టం పెళ్ళికాని ఆడబిడ్డలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. 2005లో కేంద్ర చట్టం దానిని దేశమంతటికీ, పెళ్ళయినవారికి కూడా విస్తరించింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న అనుమానం చాలాకాలం ఉండేది. అవసరం లేదని, ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చి చెప్పింది.

క్రైస్తవ కుటుంబాలకు 1925 భారత వారసత్వ చట్టం ఉన్నది. భర్త వీలునామా లేకుండా చనిపోతే భార్యకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానం. మగపిల్లలు, ఆడపిల్లలు అనే తేడా లేదు. ముస్లిం కుటుంబాలలో పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు వస్తుంది, కొడుకు వాటాలో సగం కూతురికి వస్తుంది. వారసులు ఒప్పుకోకుండా మూడో వంతుకు మించి వీలునామా రాయడానికి వీలులేదు.

ఒక విషయం చాలామందికి తెలియదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రిని హత్య చేసినవాడికి ఆస్తి రాదు. కాని తండ్రికి పదేళ్ళు అన్నం పెట్టనివాడికి వస్తుంది! చూడని కొడుక్కి, చూసిన బిడ్డకు ఒకే వాటా వస్తుంది. ఇది న్యాయమా అని నన్నడిగితే కాదనే అంటాను. అందుకు చట్టం పెద్దలకు ఇచ్చిన సాధనం వీలునామా. ఆరోగ్యంగా ఉన్నప్పుడు, తెలివితో ఉన్నప్పుడు, తన ఇష్టప్రకారం రాయాలి. ఉమ్మడి ఆస్తిలోనైతే తన వాటా వరకే రాయగలరు.

వార్డులో కాగితాలు

జబ్బు వల్ల తాను ఏమి చేస్తున్నాడో తెలియని స్థితిలో ఉన్న మనిషి వీలునామా రాయజాలడు. 1925 చట్టంలో ఈ మాట స్పష్టంగా ఉన్నది. మోసంతోనో, బలవంతంతోనో, మనిషి కాదనలేనంతగా వేధించో రాయించిన వీలునామా చెల్లదు. తెలివి ఉన్న రోగి తనంతట తాను రాస్తానంటే మాత్రం ఆసుపత్రి మంచం మీద కూడా రాయవచ్చు. తెల్లకాగితం చాలు, స్టాంపు పేపరు అవసరం లేదు, నోటరీ అవసరం లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని, చేయిస్తే మంచిది. ఇద్దరు సాక్షులు ఉండాలి. రాసిన మనిషి సంతకం గాని, వేలిముద్ర గాని పెట్టడం వారు చూడాలి, ఆయన ఎదుట వారు సంతకం చేయాలి. ఆస్తి పొందేవారిని, వారి భార్యాభర్తలను సాక్షులుగా పెట్టకండి. చదువు రాని మనిషైతే రాసినదంతా తెలుగులో చదివి వినిపించి, వినిపించామని ఆ కాగితంలోనే రాయాలి. ఆ రోజు రోగి తెలివితో ఉన్నాడని డాక్టరు రాసి ఇస్తే రేపు ఎవరూ వేలెత్తి చూపలేరు. ఆస్తి పొందేవాడే ముందుండి రాయించి, వాడే సాక్షులను తెచ్చి, వాడే దాచిపెట్టిన వీలునామాను కోర్టులు అనుమానంతోనే చూస్తాయి. మా తాత కేసులో జరిగింది అదే.

వీలునామా రాసినవారు బతికి ఉన్నంతకాలం దానిని ఎన్నిసార్లైనా మార్చవచ్చు, చించి పారేయవచ్చు. ఆస్తి వారి చేతిలోనే ఉంటుంది. దానపత్రం, అంటే గిఫ్ట్ డీడు, అట్లా కాదు. రిజిస్టరు అయిన రోజే ఆస్తి చేయి దాటిపోతుంది. ఈ తేడా తెలియక మోసపోయినవారిని చాలామందిని చూశాను. "వీలునామానే అమ్మా" అని చెప్పి దానపత్రం మీద వేలిముద్ర వేయించుకుంటారు.

పశ్చిమ బెంగాల్ నుంచి ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. నూరేళ్ళు దాటి, పక్షవాతంతో మంచం పట్టిన వృద్ధుడు వేలిముద్ర వేశాడని చెబుతున్న దస్తావేజు అది. 2003లో తీర్పు వచ్చింది. ముసలివారిని, జబ్బుపడినవారిని తమ చెప్పుచేతలలో ఉంచుకొన్నవారు వారి నుంచి ఆస్తి రాయించుకుంటే, అందులో మోసం లేదని రుజువు చేయవలసిన బాధ్యత రాయించుకున్నవారిదేనని కోర్టు చెప్పింది.

ఇంకొక చిన్న మాట. సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమిని అమ్మడానికి గాని, దానం ఇవ్వడానికి గాని 1977 చట్టం ఒప్పుకోదు. ఎవరైనా అటువంటి భూమికి బాండు పేపరు మీద ముద్ర వేయించుకుంటే అది చెల్లదు.

రాసిచ్చిన ఆస్తి తిరిగి వస్తుందా?

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని 23వ సెక్షన్ మీరు గుర్తుపెట్టుకోవలసినది. 60 ఏళ్ళు నిండిన మనిషి, తనకు తిండి, బట్ట, వసతి, వైద్యం చూడాలనే షరతు మీద ఆస్తి రాసిచ్చి, తీసుకున్నవారు చూడకపోతే, ఆ దస్తావేజు మోసంతో చేసినట్లుగా భావించి ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. ఈ చట్టం అమలులోకి వచ్చిన తరువాత రాసిన పత్రాలకే ఇది వర్తిస్తుంది.

చిక్కంతా ఆ షరతు దగ్గరే ఉన్నది. హర్యానా నుంచి వచ్చిన కేసులో దస్తావేజులో అటువంటి షరతు లేదు కాబట్టి 23వ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 2022 డిసెంబరు 6న చెప్పింది. మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి 2019లో కొడుక్కి దానపత్రం రాసింది. అదే రోజు, నిన్ను చూసుకుంటాను, చూడకపోతే ఆస్తి వెనక్కి తీసుకోవచ్చునని కొడుకు రాసిచ్చిన కాగితం ఆమె దగ్గర ఉన్నది. 2025 జనవరి 2న జస్టిస్ సి.టి. రవికుమార్, జస్టిస్ సంజయ్ కరోల్ ఆ దానపత్రాన్ని రద్దు చేసి, ఫిబ్రవరి 28 లోపల ఇల్లు తల్లికి అప్పగించమన్నారు. ఈ చట్టం పెద్దల మేలు కోసం చేసినది కాబట్టి దానిని ఉదారంగా అర్థం చేసుకోవాలని, అవసరమైతే ట్రిబ్యునల్ ఇల్లు ఖాళీ చేయించవచ్చునని కూడా చెప్పారు. ఆమెను కాపాడింది ఆ ఒక్క కాగితం.

కాబట్టి దానపత్రం రాయక తప్పదనుకుంటే, డాక్యుమెంట్ రైటరుతో ఈ రెండు వాక్యాలు రాయించండి: "నా జీవితాంతం నాకు తిండి, బట్ట, వసతి, వైద్యం చూసే షరతుపై ఈ ఆస్తి ఇస్తున్నాను. చూడని పక్షంలో ఈ పత్రం రద్దు చేయించుకొనే హక్కు నాకు ఉన్నది." బతికి ఉన్నంతకాలం ఆ ఇంట్లో ఉండే, పంట అనుభవించే హక్కు కూడా మిగుల్చుకుంటే మరీ మంచిది. నన్నడిగితే, చేతిలో ఉన్నది అంతా ఒకేసారి రాసివ్వవద్దనే చెబుతాను.

ఎక్కడికి పోవాలి?

ఆర్డీవో ఆఫీసుకు. ట్రిబ్యునల్ అంటే అదే. గద్వాల జిల్లావారికి గద్వాలలో, వనపర్తి జిల్లావారికి వనపర్తిలో ఉన్నది. నాగర్‌కర్నూల్ జిల్లాలో నాగర్‌కర్నూల్, అచ్చంపేట, కల్వకుర్తి, కొల్లాపూర్‌లలో ఆర్డీవోలు ఉన్నారు. తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి ఇవ్వవచ్చు. పెద్దవారు కదలలేని స్థితిలో ఉంటే వారు అధికారం ఇచ్చినవారు ఇవ్వవచ్చు, ట్రిబ్యునల్ తనంతట తాను కూడా విచారణకు తీసుకోవచ్చు. పోషణ కేసును నోటీసు ఇచ్చిన 90 రోజులలో తేల్చాలి, తప్పనిసరైతే మరో 30 రోజులు. నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఇప్పించవచ్చు. ఈ పరిమితి తీసివేయాలని 2019లో లోక్‌సభలో బిల్లు పెట్టారు గాని, అది చట్టం కాలేదు. పిల్లలు లేని పెద్దమ్మ, చిన్నమ్మల విషయంలో వారి ఆస్తి అనుభవిస్తున్నవారు, రేపు రాబోయే వారసులు పోషించవలసి ఉంటుంది. పెద్దవారిని తెచ్చి ఎక్కడో వదిలేసి పోతే మూడు నెలల జైలు గాని, 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. బస్టాండుల్లోనే కాదు, ఆసుపత్రుల్లో వదిలేసినా అంతే.

వృద్ధుల హెల్ప్‌లైన్ నంబరు 14567, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది. ఉచిత న్యాయ సహాయానికి 15100. ఆడవారికి, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. కొట్టడం, గదిలో పెట్టి తాళం వేయడం వంటివి జరిగితే ఆర్డీవో దాకా ఆగవద్దు, పోలీసులకు ఫోన్ చేయండి.

సేవ చేసేవారి గురించి

ఇంతవరకు నేను చెప్పినది విని ఇక్కడ కూర్చున్న కోడళ్ళకు కోపం వచ్చి ఉండవచ్చు. మంచం పట్టిన అత్తకు రోజుకు నాలుగుసార్లు బట్టలు మార్చేది ఆమె, పండుగకు వచ్చి "మా అమ్మను సరిగా చూడటం లేదు" అని చెప్పి పోయేది ఆడబిడ్డ. ఇదీ నేను చూసిందే. మూడేళ్ళుగా ఒంటరిగా సేవ చేస్తున్న మనిషికి ఒక రాత్రి చేయి లేస్తుంది. ఆమె దుర్మార్గురాలు కాదు, అలసిపోయింది. డిశ్చార్జి అయ్యే ముందు సిస్టర్లను అడిగి, మంచంలో మనిషిని రెండు గంటలకొకసారి ఎట్లా తిప్పాలి, ఒంటి చేతితో దుప్పటి ఎట్లా మార్చాలి, ఏ మాత్ర ఎందుకు అనేవి నేర్చుకొని పోండి. ఊర్లో లేని కొడుకు, బిడ్డ కనీసం నెల ఖర్చులో వాటా పంపాలి, ఏడాదికి కొన్ని వారాలు వచ్చి ఆమెకు విశ్రాంతి ఇవ్వాలి. సేవ చేసిన కోడలికి ఏమైనా ఇవ్వాలని మామగారికి ఉంటే, ఆయనకు తెలివి ఉన్నప్పుడే అందరి ముందు వీలునామాలో రాయనివ్వండి. రాత్రి పది గంటలకు స్టాంపు ప్యాడు తేవలసిన అవసరం ఉండదు.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

(ఆ తరువాత అడిగిన ప్రశ్నలలో ఒకటి)

ప్రశ్న: సార్, మా నాయన రెండేళ్ళ కింద మా అన్నకు దానపత్రం రాసిచ్చిండు. షరతు ఏం రాయలేదు. ఇప్పుడు అన్న చూస్తలేడు. నాయన ఇక్కడే వార్డులో ఉన్నడు. ఏం చేయాలె?

జవాబు: అమ్మా, రెండు దారులున్నాయి. ఆస్తి సంగతి ఎట్లా ఉన్నా, పోషణ కోసం మీ నాయన ఆర్డీవోకు దరఖాస్తు ఇవ్వవచ్చు. దానికి దానపత్రంలో షరతు ఉన్నదా, లేదా అనేది అడ్డం రాదు. అయితే ఆ దరఖాస్తు మీ అన్న మీదే కాదు, పిల్లలందరి మీదా నడుస్తుంది. బాధ్యత మీకూ ఉన్నది. రెండోది, ఏమి రాస్తున్నాడో తెలియకుండా గాని, బలవంతం మీద గాని వేలిముద్ర వేసి ఉంటే సివిల్ కోర్టులో రద్దుకు దావా వేయాలి. అది తెలిసిన నాటి నుంచి మూడేళ్ళ లోపల వేయాలి. రెండేళ్ళు అయిపోయాయంటున్నారు, కాబట్టి ఆలస్యం చేయవద్దు. అన్న ఆ రోజు వేరే కాగితం ఏదైనా రాసిచ్చాడేమో, పెద్దమనుషుల ముందు ఒప్పుకున్నాడేమో మీ నాయనను నెమ్మదిగా అడగండి. మీ అన్న పక్కన లేనప్పుడు అడగండి. దస్తావేజు నకలు ఇంటికైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో, వ్యవసాయ భూమికైతే తహసీల్దార్ ఆఫీసులో అడగాలి. ఆ నకలు, మీ నాయన ఆధార్ కార్డు జిరాక్సు, ఆ రెండేళ్ళ నాటి మందుల చీటీలు ఏవైనా ఉంటే అవి కూడా తీసుకొని రండి.